పేపరు ముక్కలో గుండ్రటి చిల్లు

చోడవరం బస్టాండు దగ్గర నాకో జిరాక్సు షాపు ఉంది. పేరుకి జిరాక్సే గానీ లామినేషన్లు, పాస్‌పోర్టు ఫోటోలు, ఫ్లెక్సీ డిజైన్లు, పాత ఫోటోలు బాగుచేయడం, అన్నీ నేనే చేస్తాను. రావికమతం నుంచి, కె.కోటపాడు నుంచి జనం చెదలు తిన్న ఫోటోలు గుడ్డలో చుట్టి పట్టుకొస్తారు. "అమ్మా, మాయమ్మ మొకం ఒక్కటి తేలితే సాలు, పక్కనున్నోళ్ళు పోయినా పర్లేదు" అంటారు. తేల్చి ఇస్తాను. ఎవరెవరి అమ్మలకో చీరకి రంగు వేశాను, చెరిగిపోయిన బొట్టు దిద్దాను, నెరిసిన జుట్టు నల్లగా చేశాను. నన్ను కన్నతల్లి మొహం మాత్రం నేనెరగను. ఈ మాట చెప్పగానే కొందరు తల పక్కకి వాల్చి "అయ్యో పాపం" అంటారు. అప్పుడు నాకు ఒళ్ళు మండిపోతుంది. మీ పాపం ఎవడిక్కావాలి? నాకు ఫోటో కావాలి.

నాకు మూడేళ్ళప్పుడు అమ్మ జ్వరంతో పోయింది. ఏడాది తిరక్కుండా నాన్న పిన్నిని చేసుకున్నాడు. అమ్మకి ఫోటో లేదని, పెళ్ళికి తీయించే స్తోమత లేదని, తర్వాత తీయించుకునే తీరిక లేదని ఇంట్లో అందరూ ఒకే మాట చెప్పారు. అందరూ ఒకే మాట చెబితే అందులో ఏదో ఉందని నాకు చిన్నప్పుడే అనుమానం. అడిగితే, "ఎప్పుడూ అదే గొడవా" అనేవాళ్ళు. అవును, ఎప్పుడూ అదే గొడవ.

మొన్న చెరుకు నరికే రోజుల్లో నాన్న పోయాడు. పోయిన నాలుగో రోజు పొద్దున్న నా ఫోనుకి తమ్ముడు ఒక బొమ్మ పంపించాడు. వాడు పిన్ని కొడుకు. విశాఖలో కంపెనీలో పని. అక్కడ ఎవరింట్లోనో చూశాడట, పెద్దకర్మకి వట్టి శ్రద్ధాంజలి కాకుండా వంశవృక్షం ఫ్లెక్సీ కట్టారని. మనమూ కడదామని ముచ్చట. బొమ్మలో ఒక చెట్టు. పైన తాత, నాయనమ్మ. మధ్యలో నాన్న, పక్కన పిన్ని, ఇద్దరికీ కలిపి ఒక పూలదండ. బతికున్న పిన్నికి దండేమిట్రా అని అడగాలి ముందు. కానీ నా కళ్ళు అక్కడ ఆగలేదు. కింద కొమ్మలున్నాయి. ఒక కొమ్మకి తమ్ముడు, వాడి పెళ్ళాం, పిల్లలు. ఇంకో కొమ్మకి నేను. ఆ కొమ్మ తిన్నగా పిన్ని ఫోటో కిందనుంచి మొలిచింది.

వెంటనే ఫోన్ చేశాను.

"ఒరే, నేనెవరి కూతుర్నిరా?"

"ఏటక్కా పొద్దున్నే?"

"అడిగిందానికి సెప్పు. నేనెవరి కడుపున పుట్టేను?"

"పెద్దమ్మ ఫోటో ఉంటే ఇయ్యక్కా, పెడతాను. నేనేటి వద్దన్నానా? ఖాళీ గడి గీసి కింద పేరు రాస్తే నలుగురూ నవ్వుతారు కదా."

"నవ్వినోళ్ళ పళ్ళు రాలగొడతాను."

"నీతో మాటాడలేం తల్లీ. ఫోటో తే. పదకొండో రోజుకి కట్టాలి. పదో రోజు సాయంత్రానికి ఇచ్చినా సరిపోద్ది. ప్రింటు నువ్వే కదా తీస్తావు."

వాడికి తెలుసు, ఫోటో లేదని. అందుకే అంత ఉదారంగా ఒప్పుకున్నాడు.

ఆ పూటే షాపు మూసి మా ఊరికి ఆటో ఎక్కాను. చోడవరానికి ఎంతో దూరం లేదు. ఇంట్లో చుట్టాలు చాపల మీద కూర్చుని టీలు తాగుతున్నారు. పిన్ని మూలగదిలో గోడకి ఆనుకుని కూర్చుంది. నేను ఎవరినీ పలకరించకుండా నాన్న మంచం కింద చెయ్యి పెట్టి ఆయన చేసంచీ బయటికి లాగాను. యూరియా సంచీ కోసి కుట్టించుకున్నది. బతికుండగా ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

నాన్న అయిదో తరగతి దాటలేదు. అయినా పేపరు పిచ్చి. టీకొట్టులో చదివి, మా ఊరి పేరు గానీ చుట్టుపక్కల సంగతి గానీ కనిపిస్తే కొట్టువాణ్ణి బతిమాలి ఆ ముక్క కత్తిరించి తెచ్చుకునేవాడు. సంచీ నిండా అవే. రైవాడ కాలవకి నీళ్ళు వదిలారని ఒకటి. తుపానుకి తాడిచెట్లు పడిపోయాయని ఒకటి. మా ఊరికి తారు రోడ్డు వచ్చిందని ఒకటి, అది మాత్రం మూడు కాపీలు. మధ్యమధ్యలో ఫోటోలు. ఎద్దు మెడ మీద చెయ్యేసి తాత. తమ్ముడి మొదటి పుట్టినరోజు, నెత్తిన కాగితం టోపీ. నా ఏడో తరగతి గ్రూపు ఫోటో, అందులో నేను వెనక వరసలో సగమే పడ్డాను. ఎవరెవరు ఎవరికి ఏమవుతారో ఆయన వెనకాల పెన్సిలుతో రాసి పెట్టాడు. మా ఇంటి చరిత్ర ఎవడైనా రాయాలంటే ఆ సంచీ చాలు.

అడుగున అట్టముక్క మీద అతికించిన పేపరు ముక్క ఒకటి దొరికింది. వరి నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు. కింద ఒకే లైను, 'చోడవరం సమీపంలో జోరుగా సాగుతున్న నాట్లు' అని. ఏడుగురు వంగి ఉన్నారు. ఎనిమిదో ఆవిడ నడుం ఎత్తి నిలబడి ఉంది. చేతిలో నారు కట్ట, మోచేతుల దాకా బురద, కచ్చ బిగించిన చీర. ఆవిడకి మొహం లేదు. మొహం ఉండవలసిన చోట గుండ్రంగా, రూపాయి బిళ్ళకన్నా చిన్నగా ఒక చిల్లు. చిల్లులోంచి వెనకాల అట్ట కనబడుతోంది.

అట్ట తిప్పి చూశాను. నాన్న రాత. 'నా భార్య. నిలబడినది.'

అట్ట పట్టుకుని మూలగదికి పరిగెత్తాను.

"ఎవరు కోసేరు ఇది?" అని ఆ అట్ట పిన్ని ఒళ్ళో పడేశాను.

ఆవిడ దాన్ని చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత వెనక్కి నా వైపు తోసింది. "నన్నడక్కు."

"మరెవర్నడగాలి? సచ్చిపోయినోళ్ళనా?"

"ఆ. ఆళ్ళనే అడుగు."

ఇంక నేను ఊరుకుంటానా? ఏమన్నానో మొత్తం రాయలేను, రాయకూడదు కూడా. చచ్చిపోయిన సవతిని కూడా ఓర్వలేని ముండవి అన్నాను. కాగితం మీద మొహం కూడా నీకు అడ్డమొచ్చిందా అన్నాను. చుట్టాలు "తప్పే, తప్పే, సావింట్లో ఏటిది" అంటూ నన్ను రెక్క పట్టుకుని వరండాలోకి ఈడ్చారు. పిన్ని కొంగు మెడ చుట్టూ బిగించుకుని అలాగే కూర్చుంది. దాంతో నాకు మరీ మండింది.

మా ఇద్దరికీ ఎప్పుడూ పడలేదు. నా జడలో పేలు పడ్డాయని ఆవిడ నా జుట్టు చెవుల దాకా కత్తిరించేసింది. బదులుగా నేను ఆవిడ పెళ్ళిచీర కుంపటి మీద వేశాను. తమ్ముడికి గుడ్డు పెట్టి నాకు పచ్చడి వేసిందని కంచం విసిరి కొట్టాను, అది తగిలి ఆవిడ కనుబొమ్మ చిట్లింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నేను గొంతెత్తినప్పుడల్లా నాయనమ్మ నెత్తి కొట్టుకునేది. "ఎవరి పోలికే నీకీ కోపం? మా యింట ఇలాటి కోపం లేదు" అనేది. ఎవరి పోలికో ఆవిడకి తెలుసు. తెలిసి కూడా ఎన్నడూ నోరు విప్పలేదు ముసల్ది.

ఆ పేపరు ముక్కని షాపుకి తెచ్చి స్కానర్ మీద పెట్టాను. పెద్దది చేసి చూశాను. చిల్లు పెద్దదైంది, అంతే. పేపరు పేరు లేదు, తేదీ లేదు, వెనకవైపు జిగురుతో అట్టకి అంటుకుపోయింది. విశాఖలో ఒక పేపరు ఆఫీసుకి ఫోన్ చేస్తే ఒకాయన తేదీ చెప్పమన్నాడు. "తేదీ తెలిస్తే నీకెందుకు ఫోన్ చేస్తానయ్యా" అన్నాను. పెట్టేశాడు.

అప్పుడు మిగిలిన ఏడుగురిని చూడటం మొదలుపెట్టాను. వంగినవాళ్ళలో ఒకామె మొహం పక్కకి తిరిగి ఉంది. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. ఆ చుక్కలు నాకు తెలుసు. మా వీధి చివర ఉండే మామ్మ. కొడుకు పోయాక దేవరాపల్లిలో కూతురింటికి వెళ్ళిపోయింది. ఆవిడ ఇంట్లో ఇంకో కాపీ ఉంటే చాలు. పేపరు ఒకటే అచ్చేయరు కదా.

ఎనిమిదో రోజు దేవరాపల్లి వెళ్ళాను. షేర్ ఆటోలో నా ఒళ్ళో ఎవరిదో కోడిపుంజు. మామ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అట్ట చేతికిస్తే కళ్ళ దగ్గరికి పెట్టుకుని చూసి బోసినోటితో నవ్వింది.

"ఓలమ్మో! నాను పేపర్లో పడ్డానేటే?"

"నీ దగ్గిర ఈ పేపరు లేదా మామ్మా?"

"మాకు పేపరెక్కడిదే? ఇదే సూడ్డం." వేలితో నిలబడిన మనిషిని తడిమింది. "మీయమ్మే ఇది. ఆ రోజు నాకు బాగా గేపకం. ప్యాంటేసుకున్నోడొకడు గట్టు మీదకొచ్చి కెమెరా పెట్టేడు. మావందరం వంగున్నాం. ఎనకనించి ఫోటోలు తీస్తన్నాడు. మీయమ్మ లెగిసింది. ఆడ్ని తిట్టిందమ్మా తిట్టు! 'మీయమ్మని ఇలాగే వంగోబెట్టి తియ్యరా ఫోటో' అంది. ఆడు బెదిరిపోయి అప్పుడే నొక్కేసేడు. ఎంత నోరో! నీకే వచ్చింది ఆ నోరు."

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ మింగేసి, "మొకం కోసేసింది మా పిన్ని. అందుకే తిరుగుతున్నాను" అన్నాను.

మామ్మ గింజలు తీయడం ఆపి నా వంక వింతగా చూసింది. "కోసీడమేటే? మీ పిన్ని మెళ్ళో ఉంది కదేటి?"

"ఏది?"

"మీయమ్మ మొకమే. రూపు. ఇన్నేళ్ళొచ్చేయి, నీకు తెల్దా?"

అప్పుడు చెప్పింది. మొదటి పెళ్ళాం పోయిన ఇంట్లోకి వచ్చే రెండో పెళ్ళాం చచ్చినదాని రూపు మెడలో వేసుకోవాలి. లేకపోతే పోయినావిడ ఊరుకోదు, పీడిస్తుంది. మా వైపు కొన్ని ఇళ్ళల్లో ఉండేదిట ఆ ఆచారం. మామూలుగా అయితే కంసాలి వెండి బిళ్ళ మీద ఆడమనిషి బొమ్మ ఒత్తి ఇస్తాడు, దాన్ని పుస్తెలతాడుకి గుచ్చుకుంటారు. పిన్నికి మొదటి కడుపు నిలవలేదు. జ్వరాలు పట్టుకున్నాయి. నాయనమ్మకి అనుమానం వచ్చింది. ఉత్త బొమ్మైతే ఏ ఆడదైనా కావచ్చు, పోయిన కోడలు పెంకి మనిషి, అలాంటి దానికి ఒప్పుకోదు, అసలు మొకమే ఉండాలి అందిట. మూత ఉన్న బిళ్ళ చేయించారు. పిల్ల జడుసుకుంటుందని నాకు చెప్పొద్దన్నారు.

ఆ బిళ్ళ నేను చూశాను. ఎన్నోసార్లు చూశాను. రవికలోంచి బయటికి వస్తే పిన్ని గబుక్కున లోపలికి తోసుకునేది. ఏదో దేవుడి బిళ్ళ అనుకున్నాను. బంగారంలాంటి మొహాన్ని దాచి, అడిగితే ఫోటో లేదని నా మొహాన చెప్పారు, ఇంటిల్లిపాదీ. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పక్కనావిడ "ఏటమ్మా, పళ్ళు నూరుతున్నావు" అని అడిగింది.

పదో రోజు పొద్దున్నే వెళ్ళాను. ఆ రోజు పిన్నికి పుస్తెలు తీసేస్తారు. తీసే ఆడవాళ్ళు ఇంకా రాలేదు. పిన్నిని పెరట్లో పీట మీద కూర్చోబెట్టారు. మొహాన పెద్ద బొట్టు, చేతులనిండా గాజులు, తలలో పూలు. తీసేయడానికే పెట్టినవన్నీ. నేను ఎదురుగా నిలబడ్డాను.

"రూపు ఇలా ఇయ్యి."

ఆవిడ కళ్ళు పైకెత్తింది. "ఎవరు సెప్పేరు?"

"ఎవరైతే నీకెందుకు? ఇయ్యి."

"గంటాగు. ఎలాగా తెంపేస్తారు."

"నలబయ్యారేళ్ళు ఆగేను. ఇంక ఒక్క నిమిషం ఆగను."

ఆవిడ పుస్తెలతాడు బయటికి లాగింది. రెండు పుస్తెల మధ్య నల్లబడిన వెండి బిళ్ళ. నేను వంగి, ఆవిడ మెడలో ఉండగానే, జాకెట్టు పిన్నీసు తీసి మూత సందులో దూర్చాను. పిన్ని మెడ కదపలేదు. పసుపు, కొబ్బరినూనె, చెమట కలిసిన వాసన. మూత టక్కుమని లేచింది.

లోపల మొహం లేదు. పసుపుపచ్చగా, గోధుమరంగుగా ముద్దకట్టిన మడ్డి. పిన్నీసు మొనతో తాకితే జిగురులా సాగింది. ఇరవై ఏళ్ళుగా నేను చెదలు తిన్నవి, వానకి నానినవి, పొయ్యిలో సగం కాలినవి బాగుచేశాను. దీంట్లో బాగుచేయడానికి ఏమీ లేదు. ఒక్క సిరా చుక్క లేదు.

"తినీసేవు" అన్నాను. "మాయమ్మ మొకం తినీసేవే! కోసి, మెళ్ళో యేసుకుని, నీ చెమటలో నానబెట్టి తినీసేవు!"

పిన్ని లేచింది. ఇన్నేళ్ళలో మొదటిసారి నా మీదికి వచ్చింది.

"నాను కోసేనా? కోసింది మీ నాన్న! బిళ్ళ మూత పెట్టి పెన్సిల్తో గీసుకుని, గెడ్డం గీసుకున్న బ్లేడుతో కోసేడు. నాను వద్దన్నాను. నాకొద్దు, బయమేస్తాది, పడుకుంటే గుండెల మీద ఉంటాది అన్నాను. ఎవులిన్నారు నా మాట? మీ నాయనమ్మ ఒట్టేయించింది. నీళ్ళు పోసుకున్నప్పుడైనా తీస్తానంటే తియ్యొద్దంది. తీస్తే పీక పిసికేస్తాదంది. పదిగేడేళ్ళ గుంటని నాను! సచ్చిపోయినదాని మొకం మెడకి కట్టుకుని నీకు అన్నం పెట్టేను, నీ పేలు తీసేను. నాకేటి సరదానా? నువ్వు కట్టుకు తిరుగుతావేటే ఒక్క రోజు?"

పెరట్లోకి ఎవరో రాబోయి వెనక్కి తగ్గారు. బ్లేడు పట్టుకున్న నాన్నని తిడదామంటే ఆయన పోయి పది రోజులైంది. కోసినవాడే మిగిలిన ముక్కని అట్ట మీద అతికించి, వెనకాల 'నా భార్య' అని రాసుకున్నాడు. ఛీ, ఏం మనిషివయ్యా నువ్వు!

చివరికి ఎన్నడూ అడగనిది అడిగాను. అదీ మర్యాదగా కాదు.

"ఎలా ఉండేదో అదైనా సెప్పి సావు."

పిన్ని మళ్ళీ పీట మీద కూలబడింది. కొంగుతో మెడ తుడుచుకుంది.

"మొదట్లో దినామూ తీసి సూసేదాన్ని, బయమేసే. తిడతన్నట్టుండేది. ఇంత నోరు తెరిచి, ముక్కుపుటాలు ఎగరేసి, కనుబొమ్మ ఒకటి పైకెట్టి. నన్నే తిడతందనుకునేదాన్ని. తరవాత తియ్యడం మానీసేను."

"ఎందుకు?"

"ఎందుకేటే? నువ్వెదిగేవు." ఆవిడ నా వంక చూడకుండా కనుబొమ్మ మీది మచ్చ రాసుకుంది. "కంచం ఇసిరికొట్టేవు సూడు, ఆ రోజు అదే మొకం. అప్పటినించి నువ్వు నా మీద అరిసినప్పుడల్లా అదే. ఇప్పుడూ అదే. ఇంక మూత తీసి సూడ్డం ఎందుకు నాకు?"

ఆడవాళ్ళు వచ్చారు. నన్ను పక్కకి జరగమన్నారు. గాజులు పగులుతున్న చప్పుడు వింటూ నేను వీధిలోకి నడిచాను. క్షమించమని అడగలేదు. ఆవిడా నన్ను అడగలేదు.

మధ్యాహ్నం షాపు తెరిచాను. తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దమ్మ ఫోటో దొరికిందా? లేపోతే పాత బొమ్మే ఉంచీమంటావా?"

"ఉంచితే నీ చేతులిరుగుతాయి. నాను చేస్తన్నాను, మూసుకుని కూర్చో."

చెట్టు మళ్ళీ గీశాను. దండ పిన్ని మీంచి తీసి నాన్నకి ఒక్కడికే వేశాను. నాన్నకి ఇంకో పక్కన గడిలో పేపరు ముక్క మొత్తం పెట్టాను. వంగిన ఏడుగురు, నిలబడినావిడ, చిల్లు, అన్నీ. కింద నాన్న రాతే అచ్చంగా వేశాను, 'నా భార్య. నిలబడినది' అని. నా కొమ్మని దాని కిందికి మార్చాను. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ.

ఇంక మిగిలింది నా ఫోటో. కంప్యూటర్లో నావి ఎన్నో ఉన్నాయి. పెళ్ళిళ్ళవి, ఆధార్‌వి, షాపు పూజవి. ఒక్కదాంట్లోనూ నేను కోపంగా లేను. కెమెరా ముందు అందరినీ నవ్వమని చెప్పే మనిషిని, నేనూ నవ్వుతూనే పడ్డాను. తలుపు దగ్గరికి వేసి పాస్‌పోర్టు స్టూలు మీద కూర్చున్నాను. టైమర్ పెట్టి నోరు తెరిచాను, ముక్కుపుటాలు ఎగరేశాను, కనుబొమ్మ పైకెత్తాను. తెర మీద చూస్తే ఎవరో వేషగత్తెలా ఉంది. నాన్నని తలుచుకుని తీశాను, రాలేదు. నాయనమ్మని తలుచుకుని తీశాను, అదీ రాలేదు. పద్నాలుగుసార్లు తీశాను, పద్నాలుగూ చెరిపేశాను. పిన్ని ఎదురుగా ఉంటే గానీ ఆ మొహం రాదు.